దారంతో కొలిచిన అమెరికా

జూన్ 11, మంగళవారం. కోదాడ

బయల్దేరే రోజు సాయంత్రం దాకా మా ఇంట్లో గొడవంతా బరువు గురించే. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. పక్కనున్న ఎరువుల షాపు నుంచి తెచ్చిన స్ప్రింగ్ కాటాకి ఒక్కో సూట్‌కేసు తగిలించి నేను ఎత్తి పట్టుకుంటే, మా ఆవిడ వంగి ముల్లు చూసేది. ఆవకాయ సీసా ప్లాస్టిక్ కవర్లో, కవరు తువ్వాల్లో, తువ్వాలు నా పంచెలో. ఒక పెట్టె ఆరు వందల గ్రాములు ఎక్కువ తూగింది. ఆవకాయ లోపలే ఉండిపోయింది, నా అట్లాసు బయటికొచ్చింది.

పోతే పోనీ అనుకున్నాను. చూడాల్సిన లెక్క వారం కిందటే చూసిపెట్టుకున్నా.

31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. గోడకి తగిలించే ప్రపంచ పటంలో మనం కుడివైపు ఉంటాం, అమెరికా ఎడమ చివర ఉంటుంది. పిల్లలు "అమెరికా ఎటు సార్?" అంటే కర్రతో ఎడమకి చూపించేవాణ్ణి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సన్నీవేల్‌లో ఉండే మా అమ్మాయి దుబాయ్ మీదుగా టికెట్లు తీసిందని చెప్పగానే బీరువా మీద గ్లోబు దించి, దుమ్ము తుడిచి, మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తెచ్చుకున్నాను. ఒక కొస దుబాయ్ మీద వేలితో నొక్కిపెట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగితే, దారం ఎడమకి పోలేదు. నిటారుగా పైకెక్కి, ఉత్తర ధ్రువం దగ్గర గ్లోబుకి కొట్టిన మేకు పక్కనుంచి అవతలికి దిగింది.

నమ్మకం కుదరక లెక్కేశాను. దుబాయ్ తూర్పు రేఖాంశం 55, శాన్‌ఫ్రాన్సిస్కో పశ్చిమ రేఖాంశం 122. రెండూ కలిపితే 177. ఇంకో మూడు డిగ్రీలు కలిసుంటే రెండు ఊళ్లూ గోళానికి సరిగ్గా ఎదురెదురు రేఖల మీద ఉండేవి. అలాంటి రెండు ఊళ్లకి దగ్గరి దారి ధ్రువం మీదుగానే. దుబాయ్ అక్షాంశం 25, అంటే ధ్రువానికి 65 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కో 37న్నర, అటునుంచి ధ్రువానికి 52న్నర. మొత్తం 117న్నర. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 13,000 పైచిలుకు. మాది 30 సెంటీమీటర్ల గ్లోబు కాబట్టి దాని మీద సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. దారం స్కేలు మీద పెడితే ముప్పైన్నర దాటింది. రెండు లెక్కలూ కలిశాయి. ఎనిమిదో తరగతి పిల్లాడు చేయగల లెక్క ఇది. 31 ఏళ్లలో ఒక్కసారీ చేయించలేదు నేను.

హైదరాబాద్ నుంచే నేరుగా దారం లాగితే 13,500 వస్తుంది. దుబాయ్‌కి పోవడానికి 2,550, అక్కణ్ణుంచి 13,000. రెండు వేల కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతున్నామన్నమాట. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా ఒక విమానం మొదలుపెట్టారు గానీ అది నిలవలేదు.

మంగళవారం మా ఆవిడకి ఆంజనేయస్వామి ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టి, ఇంత ఉప్మా తిన్నాకే కారెక్కింది. ఏడింటికి బయల్దేరాం. సూర్యాపేట, కొర్లపహాడ్ టోల్‌గేటు, పంతంగి టోల్‌గేటు, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు. ఈ దారిలో ఏ కిలోమీటరు రాయి పక్కన ఏ చింతచెట్టుందో నాకు తెలుసు. పదకొండున్నరకి శంషాబాద్.

జూన్ 12, బుధవారం. శంషాబాద్ నుంచి దుబాయ్

విమానం తెల్లవారుజామున 4:20కి. మా అమ్మాయి వాళ్లమ్మకి వీల్‌చైర్ బుక్ చేసింది. మోకాళ్లు బాగానే ఉన్నాయి, ఇంగ్లీషుకే సాయం కావాలి. మా వయసువాళ్లు అమెరికాకి పోయే విమానం దగ్గర వరసగా అన్ని వీల్‌చైర్లు ఎందుకుంటాయో అప్పుడర్థమైంది. నాకు కొంచెం సిగ్గేసింది. దుబాయ్‌లో ఆ సిగ్గు పోయింది.

దుబాయ్‌లో దిగేసరికి అక్కడ 6:50. మా ఆవిడ చేతి వాచీలో 8:20. గంటన్నర వెనక్కి తిప్పుకోమన్నాను.

"నేను మార్చను. వచ్చేటప్పుడు మళ్లీ తిప్పాలిగా" అంది.

అయిదు నెలల తర్వాత తిరిగొచ్చేదానికి ఇప్పట్నుంచే మిగుల్చుకుంటున్న పని అది. ఇంకేమంటాను? కానీ ఆ వాచీ లేకపోతే ఈ యాత్రలో ఏ పూట ఏదో నాకు తెలిసేది కాదు. ఆవిడ బీపీ మాత్ర కూడా దాని ప్రకారమే.

పడమటికి పోతున్నాం. 2,550 కిలోమీటర్లకి టికెట్‌లో నాలుగు గంటలు వేశారు. తిరుగు టికెట్‌లో అదే దూరానికి 3 గంటల 40 నిమిషాలే ఉంది. మనవైపు పైగాలులు ఏడాదిలో ఎక్కువ నెలలు పడమటి నుంచి తూర్పుకి వీస్తాయని పాఠం చెప్పాను గానీ, టికెట్ మీద ఇరవై నిమిషాల తేడాగా ఎప్పుడూ చూడలేదు.

ఇంకా బుధవారమే. దుబాయ్ నుంచి ధ్రువం దాకా

రెండు గంటల వ్యవధిలో టెర్మినల్ చివరి దాకా పోయి, అమెరికా విమానానికి ప్రత్యేకంగా ఉన్న చెకింగ్‌లో చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాం. వీల్‌చైర్ తోసే కుర్రాడు నేపాలీ. అతను లేకపోతే విమానం తప్పిపోయేదే.

8:50కి లేచింది. ఎడమవైపు కిటికీ సీటు నాది, పక్కన మా ఆవిడ, అటువైపు శాన్‌హోసేలో ఉద్యోగం చేసే మన హైదరాబాద్ కుర్రాడు. చెల్లెలి పెళ్లికి వచ్చి వెళ్తున్నాడట. ముందు సీటు వెనక ఉన్న తెరలో పటం పెట్టుకుని, నేను జేబు పుస్తకం తీశాను. గంటకోసారి అంకెలు రాసుకోవాలని నా పట్టుదల. వేగం, ఎత్తు, బయటి చలి, మిగిలిన దూరం.

"ఎందుకు అంకుల్, అన్నీ యాప్‌లో ఉంటాయి" అన్నాడు కుర్రాడు.

ఉండొచ్చు. నా చేత్తో రాస్తేగానీ నాకు ఎక్కదు.

అమెరికా అంటే ఏడు సముద్రాలు దాటాలని కోదాడలో సాగనంపడానికి వచ్చినవాళ్లందరూ అన్నారు. కింద చూస్తే నీళ్లు ఎక్కడ? లేచిన కాసేపటికే గల్ఫ్ దాటాం, తర్వాతంతా నేల. ఇరాన్ కొండలు ఎండిన అల్లం ముక్కల్లా ఉన్నాయి. వాటి తర్వాత తుర్క్‌మెనిస్తాన్ ఇసుక, కజకిస్తాన్ మైదానం. వాచీలో 2:50 అయ్యేసరికి ఉరల్ కొండల పక్కన ఉన్నాం. ఐరోపాకీ ఆసియాకీ హద్దు ఈ కొండలేనని ఎన్నిసార్లు బోర్డు మీద గీత గీశానో! పైనుంచి చూస్తే మబ్బుల మధ్య ఆకుపచ్చ మడతలు.

భోజనాలయ్యాక కిటికీ తెరలన్నీ దించమన్నారు. లోపల చీకటి చేసి అందరినీ పడుకోబెట్టారు. బయట మాత్రం చీకటి లేదు. జూన్‌లో అంత ఉత్తరాన పొద్దు గుంకదని తెలుసు. నేను ఊహించంది ఇంకోటి. పొద్దున దుబాయ్‌లో లేచినప్పుడు సూర్యుడు కుడివైపు వాళ్ల కిటికీల్లో ఉన్నాడు, మాది నీడ. మధ్యాహ్నానికి తోక వెనక్కి పోయాడు. రష్యా ఉత్తరపు ఒడ్డు దాటాక ఎడమవైపు, సరిగ్గా నా కిటికీలోకి వచ్చాడు. ఇంట్లో సూర్యుడు తూర్పు వాకిట్లోంచి పడమటి పెరట్లోకి పోయినట్టు, ఇక్కడ విమానం చుట్టూ తిరిగాడు.

తెర నాలుగు వేళ్లంత ఎత్తాను. కత్తిలాంటి వెలుగు పోయి మా ఆవిడ మొహం మీద పడింది.

"ఏవండీ, దించండి. పడుకున్నవాళ్లు తిడతారు."

రెండు వేళ్లకి తగ్గించి, నుదురు అద్దానికి ఆనించి చూశాను. అద్దం చల్లగా ఉంది. కింద గడ్డకట్టిన సముద్రం. తెల్లటి పలకలు, వాటి మధ్య నల్లటి సన్నని చీలికలు. సున్నం కొట్టిన పాత గోడ బీటలు వారినట్టుంది. పది నిమిషాలు కనిపించి మబ్బు కమ్మేసింది. 22 గంటల ప్రయాణంలో ఆ పది నిమిషాలే నాకు గట్టిగా గుర్తున్నవి.

తెరలో బయటి చలి మైనస్ 48 అని ఉంది. విమానాల్లో పోసే ఇంధనం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుందని ఎక్కడో చదివాను. ఆ రెండంకెలూ పక్కపక్కన గుర్తొచ్చేసరికి కాస్త టెన్షన్ పడ్డ మాట నిజం. కుర్రాడికి ఈ సంగతులు తెలుసు. అంత వేగంలో గాలి రాపిడికి రెక్కలు బయటికంటే పాతిక డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయట. ట్యాంకులో వేడి ఎంతుందో పైలట్లు చూస్తూనే ఉంటారు, మరీ పడిపోతుంటే విమానాన్ని కిందికి దింపుతారు, లేదా వేగం పెంచుతారు. అంత దూరం ఇద్దరే నడపరు, నలుగురుంటారు, ఇద్దరు పడుకుంటే ఇద్దరు నడుపుతారు. నిద్రపోతున్న పైలట్ల సంగతి మాత్రం మా ఆవిడకి చెప్పొద్దన్నాను.

అతనే ఇంకో సంగతి చెప్పాడు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా వాళ్లు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ మీదుగా కాకుండా తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపారు. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే పోయింది, ముందటికంటే త్వరగా. వెనకనుంచి గాలి తోస్తే అంతే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అందరూ ఆడ పైలట్లే ధ్రువం మీదుగా నడిపిన విమానం గురించి నేను పేపర్లో చదివాను. నేరుగా కొలిస్తే దాదాపు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటలు.

మేం సరిగ్గా ధ్రువం మీదికి పోలేదు. అక్షాంశం అంకె 87 దాకా ఎక్కి ఆగింది, అంటే ధ్రువం 330 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. కానీ రేఖాంశం అంకె చూడాలి! తూర్పు 25, 10, సున్నా, పశ్చిమం 20, 50, ఆటో మీటరు చెడిపోయినట్టు పరుగు. గంటా ఇరవై నిమిషాల్లో పశ్చిమం 95కి చేరింది. 120 డిగ్రీలు! భూమధ్యరేఖ దగ్గర 120 డిగ్రీలు దాటాలంటే 13,000 కిలోమీటర్ల పైన పోవాలి, అంటే మా ప్రయాణమంత. ఇక్కడ రేఖలన్నీ గొడుగు ఊచల్లా ఒక్కచోటికి చేరతాయి కాబట్టి గంటంబావు చాలింది. డిగ్రీకి నాలుగు నిమిషాలని పిల్లలచేత బట్టీ పట్టించిన లెక్క ప్రకారం, ఆ కాస్తలోనే ఎనిమిది గంటల కాలాన్ని దాటాం.

మా ఆవిడ అప్పుడు వాచీ చూసుకుంది. 6:50.

"దీపం పెట్టే వేళ" అని కళ్లు మూసుకుని చేతులు జోడించింది. రెండు వేళ్ల సందులోంచి ఎండ ఆవిడ గాజుల మీద పడుతూనే ఉంది.

ఇప్పటికీ బుధవారమే. మధ్యాహ్నం, శాన్‌ఫ్రాన్సిస్కో

కెనడా ఉత్తరపు ద్వీపాలు, తర్వాత ఎంతకీ తరగని చెరువులు. ఆ చెరువుల మీదుగా వస్తుండగా రెండో భోజనమో ఫలహారమో పెట్టారు. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. కాలిఫోర్నియాలోకి వచ్చాక షాస్తా పర్వతం ఒంటరిగా, మంచు టోపీతో ఎడమపక్క కనిపించింది. చివర్లో విమానం నీళ్ల మీద కిందికి, ఇంకా కిందికి పోతుంటే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. నీళ్ల అంచునే రన్‌వే ఉంది.

స్థానిక సమయం 1:50. తెల్లవారుజామున 4:20కి బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం 1:50కి దిగాం. గడియారాల ప్రకారం తొమ్మిదిన్నర గంటలు, ఒంటి ప్రకారం 22. తేడా పన్నెండున్నర గంటలు శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే వెనకుండటం వల్ల. కోదాడకి ఫోన్ చేస్తే మా తమ్ముడు "అంతేనా? విజయవాడ నుంచి తిరుపతి పోయి రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది" అన్నాడు.

ఇమిగ్రేషన్‌లో వేలిముద్రలు, ఎన్నాళ్లుంటారు, ఎవరింటికి, అయిపోయింది. కస్టమ్స్‌లో మాత్రం దొరికిపోయాం. తినేవి ఏం తెచ్చారంటే నేను జాబితా చెప్పాను. ఆవకాయ, కందిపొడి, పూతరేకులు వదిలేశారు. తీరా చూస్తే మా ఆవిడ చేతిసంచిలో తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు కట్ట. నాక్కూడా చెప్పలేదు! పచ్చి కరివేపాకు అమెరికాలోకి తేకూడదు. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుందట. అధికారి మర్యాదగానే తీసుకుని డబ్బాలో పడేశాడు. 15,500 కిలోమీటర్లు వచ్చి ఆఖరి ముప్పై అడుగుల్లో పోయిందని ఆవిడ దిగులు. సన్నీవేల్ దాకా కారులో నలభై కిలోమీటర్లూ అమ్మాయి వాళ్లమ్మని ఓదార్చడంతోనే సరిపోయింది.

జూన్ 13 నుంచి 18. సన్నీవేల్

రాసుకోవడానికి పెద్దగా లేదు. రాత్రి రెండింటికి ఇద్దరికీ మెలకువ వచ్చేది, మధ్యాహ్నం భోజనం పళ్లెం ముందు తూలేవాళ్లం. రెండోరోజు రాత్రి 2:30కి ఆకలేసి ఉప్మా చేసుకుంటుంటే పొగ అలారం మోగి ఇల్లంతా లేచింది. అల్లుడు నిద్రకళ్లతో స్టూలెక్కి దాన్ని ఆపి, "పర్లేదు మామయ్యా, అందరికీ ఇంతే" అన్నాడు.

ఆవిడ వాచీ అప్పటికీ ఇండియా టైమే. అది చూసి ఇక్కడి టైము చెప్పడం నాకు అలవాటైంది. అరగంట తీసేసి పగలుని రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చుకుంటే చాలు. వాచీలో ఎనిమిదైతే ఇక్కడ ఏడున్నర. ఇంత సులువైన లెక్క లండన్‌కి పోయినవాళ్లకి కూడా కుదరదు. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడివాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పేసరికి అదీ పాడైంది.

నవంబర్ 18, సోమవారం. తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం 3:45కి విమానం. ఆవిడ వాచీలో మంగళవారం ఉదయం 5:15. గంట దాటగానే చీకటి పడింది.

ఈసారి పటంలో గీత ధ్రువం వైపు ఎక్కలేదు. కెనడా మీదుగా తూర్పుకి వంగి గ్రీన్‌లాండ్ వైపు పోయింది. పటం మీద చుట్టుదారే, గాలి మాత్రం వెనకనుంచి. పోయేటప్పటికంటే అరగంట తక్కువ, పదిహేనున్నర గంటలు. దారం ఎప్పుడు లాగినా ఒకే కొలత చూపిస్తుంది. విమానం వాళ్లు ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు దారి గీసుకుంటారు.

లేచిన రెండు గంటలకి భోజనం తెచ్చారు. ఆవిడ వద్దంది.

"ఒంట్లో బాలేదా?"

"మంగళవారం."

"ఎక్కడి మంగళవారం? కింద ఇంకా సోమవారమే."

వాచీ చూపించింది. పొద్దున్న ఏడుంబావు. "మనింట్లో మంగళవారమే. పూజారిగారు గుడి తలుపులు తీసి ఉంటారు."

ఆవిడ పళ్లెం కూడా నేనే తిన్నాను. రెండు చపాతీలు, పప్పు, ఒక తీపి ముక్క. అరటిపండు మాత్రం ఆవిడ తీసుకుంది.

మంగళవారం. ఏ దేశంలోనో చెప్పలేను

పొద్దు పొడవని రాత్రి ఎంతసేపో సాగింది. ఎనిమిది గంటలు దాటినా కిటికీ నల్లగానే ఉంది. నవంబరులో అంత ఉత్తరాన ఇక సూర్యుడు పైకి రాడు. జూన్‌లో గుంకనివాడు ఇప్పుడు పొడవడం లేదు. తొమ్మిదిన్నర గంటలకి, వాచీలో మధ్యాహ్నం మూడు ప్రాంతంలో, కుడివైపు కిటికీల్లో నారింజరంగు గీత కనిపించింది. సూర్యుడు పైకి ఎక్కలేదు. అరచెయ్యంత ఎత్తు లేచి, అంచు వెంబడే పక్కకి జరుగుతూ పోయి, వాచీలో ఆరున్నర అయ్యేసరికి మళ్లీ కుంగిపోయాడు. ఆ రోజుకి మాకు దక్కిన పగలు నాలుగు గంటలు కూడా లేదు.

"అసలు పొద్దే లేదు, ఇంక ఒక్కపొద్దేమిటి నీకు" అన్నాను. నవ్విందే గానీ ఏం తినలేదు.

దిగడానికి ముందు పెట్టే భోజనం అప్పుడే వచ్చింది. బయట చీకటి పడింది, వాచీలో సాయంత్రం ఆరున్నర దాటింది. ఆవిడ దణ్ణం పెట్టుకుని, మూత విప్పి, పూర్తిగా తినేసింది. ఈసారి నాకు ఏం మిగల్చలేదు. విమానం వాళ్లకి తెలియదు గానీ, ఆంజనేయస్వామికి అనుకూలంగానే వడ్డించారు.

దుబాయ్‌లో 7:15కి దిగి, పదింటికి హైదరాబాద్ విమానం ఎక్కాం. మంగళవారం మొత్తంలో మా కాళ్లు నేల మీద ఉన్నది ఆ రెండు మూడు గంటలే.

నవంబర్ 20, బుధవారం. శంషాబాద్ నుంచి ఇంటికి

తెల్లవారుజామున 3:10కి దిగాం. సోమవారం మధ్యాహ్నం ఎక్కితే బుధవారం వచ్చింది. పోయేటప్పుడు రోజులో సగం లాభం, ఇప్పుడు వడ్డీతో కట్టేశాం. శంషాబాద్ గోడ మీద గడియారం, ఆవిడ చేతి వాచీ ఒకే టైము చూపిస్తున్నాయి. అయిదు నెలల్లో దాని పిన్ను ఒక్కసారీ లాగలేదు. నేను ఫోన్ తెరిచి, అది టైము మార్చుకునేదాకా ఎదురుచూశాను.

పెట్టెలు రావడం ఆలస్యమైంది. డ్రైవరు ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దించేసరికి తూర్పు తెల్లబడుతోంది, మామూలుగా, ఉండాల్సిన చోటే. చౌటుప్పల్ దాటాక రోడ్డు పక్క హోటల్ ముందు ఆపించాం. ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి రోడ్డు మీదికి వచ్చింది.

ఆవిడ ముందు వాచీ చూసుకుంది.

"ఆరున్నర. బుధవారమే కదండీ?"

"బుధవారమే."

"అయితే రెండు ప్లేట్లు చెప్పండి. చట్నీలో పోపు వేశారో లేదో కనుక్కోండి, కరివేపాకుతో."